సోమవారం ఎక్కడ పోయింది?

9వ తరగతి విద్యార్థిని, సోలాపూర్

ఈసారి పత్రికకు కంప్యూటర్ గురించి ఎవరైనా ఒకరు రాయాలని సార్ అన్నప్పుడు క్లాసులో అందరూ నా వైపే చూశారు. నాకు కంప్యూటర్ అందరికన్నా బాగా వచ్చని కాదు. నేను చేసిన తప్పు అందరికీ తెలుసు కాబట్టి. ఆ తప్పు వల్ల మా అమ్మ 100 బీడీల కూలి పోగొట్టుకుంది. డబ్బులు చూస్తే చిన్నవే. కానీ ఆ రోజు అమ్మ తన లెక్క మీద తనే నమ్మకం పోగొట్టుకుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మేము కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ పనివాళ్ల కోసం కట్టిన కాలనీలో ఉంటాం. 10,000 ఇళ్ల కాలనీ అది. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు వచ్చి ఇళ్లు అప్పగించారని మా అవ్వ ఇప్పటికీ చెప్తుంది. మా తాత వాళ్లు తెలంగాణ నుంచి మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చారు. బాపు టవల్ కార్ఖానాలో పని చేస్తాడు. అమ్మ, అవ్వ బీడీలు చేస్తారు. మన స్కూల్లో చాలామంది ఇళ్లు ఇలాంటివే కాబట్టి ఎక్కువ వివరించక్కర్లేదు.

బీడీ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. బ్రాంచిలో తునికాకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు. రాత్రి ఆకు తడిపి పెట్టాలి. పొద్దున ఆకును కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైతే 1000. రోజూ కట్టలన్నీ బ్రాంచిలో ఇచ్చి వస్తే అక్కడ ఒకాయన లెక్క చూసి అమ్మ కార్డు మీద రాస్తాడు. శనివారం వారం మొత్తం వేస్తారు. సోమవారం సాయంత్రం కూలి ఇస్తారు.

అమ్మ 4వ తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివింది. ఇంట్లో ఒక పాత నోటుపుస్తకం పెట్టుకుంది. మరాఠీలో అన్నట్టు దాన్ని వహి అంటుంది. బ్రాంచికి పోయే ముందు ఆ రోజు ఎన్ని చేసిందో అందులో రాసుకుంటుంది. ఆ వహిలో ఒక్క కూడిక కూడా ఉండదు. అన్నీ నోటి లెక్కే.

ఇప్పుడు స్కూల్ సంగతి. ఈ సంవత్సరం కంప్యూటర్ పీరియడ్‌లో సార్ మాకు వెబ్ పేజీలు తయారు చేయడం నేర్పిస్తున్నారు. ముందు హెచ్‌టీఎంఎల్ అయిపోయింది. తర్వాత జావాస్క్రిప్ట్ మొదలుపెట్టారు. ఈ భాషను 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన మొదటిసారి 10 రోజుల్లోనే తయారు చేశాడని సార్ చెప్పారు. 10 రోజుల్లో చేసినదాన్ని మేము 10 నెలలైనా నేర్చుకోలేకపోతున్నామని వెనక బెంచీ వాళ్లు నవ్వారు.

ఒక రోజు సార్ బోర్డు మీద పెద్దగా "అర్రే" అని రాశారు. క్లాసంతా నవ్వింది. మన ఇళ్లల్లో ఏదైనా కింద పడితే అనే మాట అది! సార్ కూడా నవ్వి, "ఈ అర్రే అంటే వరస. ఒకే పేరు కింద చాలా విలువలను వరసగా పెట్టుకోవడం" అన్నారు. క్లాసులో 40 మంది మార్కులు దాచాలంటే 40 వేరు వేరు పేర్లు పెట్టక్కర్లేదు. మార్కులు అని ఒకే పేరు పెట్టి, చదరపు బ్రాకెట్లలో కామాలు పెడుతూ అన్నీ రాస్తే చాలు. తర్వాత ఎన్నోది కావాలో ఆ నంబర్ చెప్తే అది బయటికి వస్తుంది.

అక్కడే ఒక చిక్కు ఉంది. ఆ నంబర్ ఒకటితో కాదు, సున్నతో మొదలవుతుంది. మొదటిది కావాలంటే 0 అనాలి. రెండోది కావాలంటే 1 అనాలి. "ఇదేంది సార్, సున్న అంటే ఏమీ లేనట్టు కదా?" అని ఎవరో అడిగారు. సార్ టేబుల్ మీది స్కేలు తీసి చూపించారు. "స్కేలు ఎక్కడ మొదలవుతుంది? సున్న దగ్గర. మొదటి గడి దగ్గరికి పోవడానికి మనం ఎంత దూరం నడవాలి? ఏమీ నడవక్కర్లేదు. కాబట్టి 0. రెండో గడికి ఒక అడుగు. కాబట్టి 1. ఈ నంబర్ ఎన్నోది అని చెప్పదు, మొదటి నుంచి ఎంత దూరమో చెప్తుంది." ఇంకో ఉదాహరణ కూడా ఇచ్చారు. మన సోలాపూర్‌లో బిల్డింగులో కింది అంతస్తును తళ మజలా అంటారు. దాని పైది మొదటి మజలా. మెట్లు ఎక్కకుండానే ఒక ఇల్లు ఉంటుంది కదా, అలాగే.

లెక్క సున్నతోనే ఎందుకు మొదలుపెట్టాలో డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త 1982లో ఒక చిన్న వ్యాసమే రాశాడట. ఫోర్ట్రాన్ లాంటి పాత భాషలో మామూలుగా లెక్క ఒకటితోనే మొదలవుతుందట. అంటే పెద్దవాళ్లకు కూడా ఇది తగాదా పడే విషయమే. ఇవన్నీ నేను నోట్సులో చక్కగా రాసుకున్నాను. రాసుకోవడం వేరు, గుర్తుండటం వేరు అని తర్వాత తెలిసింది.

సార్ మాకు ఒక పని ఇచ్చారు. "మీ ఇంట్లో ఎవరికైనా పనికొచ్చే పేజీ ఒకటి చేయండి" అన్నారు. ఒకడు వాళ్ల కిరాణా షాపు ఉద్దెర లెక్క పెట్టుకున్నాడు. ఒకామె పుట్టినరోజుల పట్టిక చేసింది. నేను "అమ్మ బీడీల లెక్క" అని పేజీ మొదలుపెట్టాను. పైన ఒక పెట్టె ఉంటుంది. అందులో రోజు సంఖ్య కొట్టి బటన్ నొక్కితే అది పుష్ అనే పద్ధతిలో అర్రే చివరికి చేరుతుంది. ఇంకో బటన్ నొక్కితే మొత్తం కనిపించాలి.

జావాస్క్రిప్ట్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. భాషలోని మాటలు ఇంగ్లీషువే అయినా, మనం పెట్టే పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టొచ్చు. నేను నా అర్రేకు "వారం" అని పేరు పెట్టాను. పని చేస్తుందో లేదో అని భయంగానే నొక్కాను. పని చేసింది! తెలుగు మీడియంలో చదివి కంప్యూటర్ ఎట్లా నేర్చుకుంటారని అడిగే మా పక్కింటి అన్నకు ఇది చూపించాలనుకున్నాను.

ఆ వారం అమ్మ వహిలో ఉన్న అంకెలు ఇవి. సోమవారం 900, మంగళవారం 1000, బుధవారం 850, గురువారం 1000, శుక్రవారం 800, శనివారం 950.

శనివారం రాత్రి అమ్మ కార్డు చూపించి నాతో అంది. "బిడ్డా, బ్రాంచిల 5400 అని రాసిండ్రు. నా లెక్కల 5500 కావాలె. సోమవారం పైసలిచ్చేటప్పుడు అడుగుత. నువ్వు ఒకసారి నీ కంప్యూటర్ల చూసి చెప్పు."

అమ్మ నన్ను ఒక పని అడగడం, అది కూడా నేను చదివే చదువుతో చేసేది అడగడం అదే మొదటిసారి. నాకు చాలా గొప్పగా అనిపించింది. సోమవారం స్కూల్‌కు అమ్మ వహి పట్టుకుపోయాను.

ల్యాబ్‌లో ఆరు అంకెలూ కొట్టాను. మొత్తం బటన్ నొక్కాను. 010008501000800950 అని వచ్చింది. భూమ్మీద ఉన్న బీడీలన్నీ మా అమ్మే చేసినట్టు! సార్‌ను పిలిచాను. సార్ చూసి, "పెట్టెలో కొట్టింది కంప్యూటర్‌కు అంకె కాదు, రాత. రాతకు ప్లస్ పెడితే కూడదు, పక్కన అతికిస్తుంది. ముందు దాన్ని అంకెగా మార్చు" అన్నారు. నంబర్ అనే మాటలో పెట్టి మార్చాను. మళ్లీ నొక్కాను. ఈసారి 4600 అని వచ్చింది.

ఇక్కడ ఆగి మీరు ఒకసారి పైన వచ్చిన పొడుగు అంకె చూడండి. మొదటి సున్న నేను మొత్తానికి పెట్టిన మొదలు. తర్వాత 1000, 850, 1000, 800, 950. సోమవారం 900 అందులో లేదు. తప్పు నా కళ్ల ముందే ఉంది. కానీ నేను ఆ పెద్ద అంకెను చూసి నవ్వుకున్నానే గాని చదవలేదు. 4600 అనేది మామూలు అంకెలా కనిపించింది కాబట్టి నమ్మేశాను. బెల్ కొట్టారు. కాగితం మీద 4600 అని రాసుకుని వచ్చేశాను.

సాయంత్రం అమ్మ బ్రాంచికి పోవడానికి తయారై, చీర కొంగు సర్దుకుంటూ గడప దగ్గర నిలబడి ఉంది. "ఎంతొచ్చింది?" అంది.

"4600."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "గంత తక్కువ ఎట్లయితది బిడ్డా?" అంది.

"కంప్యూటర్ తప్పు చెయ్యదమ్మా. నువ్వే ఎక్కడో ఎక్కువ వేసుకున్నావేమో" అన్నాను. ఈ మాట నేను ఎట్లా అన్నానో గుర్తుంది. కాస్త నవ్వుతూ అన్నాను.

అమ్మ కార్డు చూసుకుంది. "వాళ్లు 5400 రాసిండ్రు. అడిగితే మళ్ల మొదటి నుంచి లెక్క వేస్తరు. ఉన్నదానికే కోత పెడ్తరేమో. వద్దు తియ్యి" అని వెళ్లిపోయింది. ఏమీ అడగకుండా 5400కే కూలి తెచ్చుకుంది.

ఆ రాత్రి అమ్మ కట్టలు కడుతూ రెండు మూడుసార్లు మళ్లీ మళ్లీ లెక్కబెట్టడం చూశాను. ఒకటి కట్టి పక్కన పెడుతుంది. మళ్లీ తీసి లెక్కబెడుతుంది. మామూలుగా అమ్మ చేతికి లెక్క అక్కర్లేదు. 25 బీడీలు చేతిలోకి వస్తే ఆ లావు ఎంతో అమ్మ వేళ్లకు తెలుసు. ఆ రోజు ఆ వేళ్లను కూడా నమ్మలేదు. నాకు అప్పుడు అర్థం కాలేదు. నిద్ర వస్తుందేమో అనుకున్నాను.

గురువారం మళ్లీ కంప్యూటర్ పీరియడ్. సార్ ఒక్కొక్కరి పేజీ చూస్తూ నా దగ్గరికి వచ్చారు. "ఎన్ని రోజులు కూడావు?" అని అడిగారు. "ఆరు" అన్నాను. "నువ్వు చెప్పొద్దు. కంప్యూటర్‌తో చెప్పించు. లూప్ తిరిగిన ప్రతిసారీ ఏది కూడుతుందో కన్సోల్‌లో రాయించు" అన్నారు.

రాయించాను. 1000. 850. 1000. 800. 950. అంతే. ఐదే వచ్చాయి.

ఫర్ లూప్‌లో నేను ఐ = 1 అని మొదలుపెట్టాను. మనం లెక్క ఒకటి నుంచే కదా మొదలుపెడతాం! కానీ వారం[1] అంటే మంగళవారం. వారం[0] దగ్గర సోమవారం 900 కూర్చునే ఉంది. దాన్ని ఎవరూ పిలవలేదు. కంప్యూటర్ ఒక్క మాట అనలేదు, ఎర్ర అక్షరాలు చూపించలేదు. నేను చెప్పినట్టే ఐదు రోజులు కూడి, నేను అడిగినట్టే మొత్తం ఇచ్చింది.

తొందరలో దిద్దబోయి ఇంకో తప్పు చేశాను. మొదలు 0 అని మార్చి, చివర ఐ <= వారం.లెంత్ అని పెట్టాను. లెంత్ అంటే ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య, ఇక్కడ 6. కానీ సున్న నుంచి మొదలైతే చివరిది 5 దగ్గరే అయిపోతుంది. వారం[6] అని ఒక గదే లేదు. లేనిదాన్ని తెచ్చి కూడమంటే ఎన్.ఏ.ఎన్. అని వచ్చింది. అంటే "ఇది అంకె కాదు" అని. సార్ అన్నారు, "ఈ తప్పు మంచిది. అరిచి చెప్తుంది. నువ్వు ముందు చేసినదే చెడ్డది. అది నిశ్శబ్దంగా ఉంటుంది." సమానం గుర్తు తీసేశాను. 5500 వచ్చింది.

5500. అమ్మ శనివారం రాత్రే చెప్పిన అంకె.

నాకు గొంతు పట్టుకున్నట్టయింది. అప్పుడు కూర్చుని ఆలోచించాను. 5500కు, 4600కు తేడా 900. అంటే 36 కట్టలు. దాదాపు ఒక రోజు పని. ఒక రోజంతా వంగి కూర్చుని చేసిన పనిని అమ్మ ఊరికే ఎక్కువ వేసుకుంటుందా? కనీసం ఆ ప్రశ్న కూడా నాకు రాలేదు. అమ్మ చెప్పింది ఒకటి, తెర మీద వచ్చింది ఒకటి. తెర మీద వచ్చింది కాబట్టి అదే నిజం అనుకున్నాను.

కానీ ఇంకో సంగతి మిగిలింది. అమ్మది 5500, కార్డుది 5400. మరి ఆ 100 ఎక్కడ పోయింది? పొద్దున కార్డులో ఉన్న అంకెలు నా నోట్సులో ఎక్కించుకుని వచ్చాను. "కార్డు" అని రెండో అర్రే చేసి అవన్నీ అందులో పెట్టాను. రెండు అర్రేల్లోనూ ఒకే నంబర్ దగ్గర ఉన్నవి పోల్చి చూడాలి. వారం[0]ను కార్డు[0]తో, వారం[1]ను కార్డు[1]తో, అట్లా చివరిదాకా. తేడా ఉంటే ఆ రోజు పేరు రాయమని చెప్పాను.

నాలుగు రోజులు తేడా అని వచ్చింది! సోమ, బుధ, గురు, శుక్ర.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. నాలుగు రోజులు మోసం చేశారని వెంటనే ఇంటికి పోయి చెప్పాలనిపించింది. కానీ అంతకుముందే ఒకసారి దెబ్బ తిన్నాను కదా. ఈసారి వహి తెరిచి, పక్కన కార్డు అంకెలు పెట్టి, వేలు పెట్టి ఒక్కొక్కటి చూశాను. సోమవారం ఇక్కడా 900, అక్కడా 900. బుధవారం రెండింటిలో 850. గురువారం రెండింటిలో 1000. మరి కంప్యూటర్ ఎందుకు తేడా అంటుంది?

నా పేజీలో "అన్నింటికన్నా ఎక్కువ ఏ రోజు" అని చూపించడానికి పైన ఒక చోట వారం.సార్ట్ అని పెట్టాను. పెద్దది, చిన్నది వరసగా పెడుతుంది కదా అని. అది రెండు పనులు చేసింది. ఒకటి, అంకెలను కూడా రాతల్లాగా చూసి అక్షరాల వరసలో పెట్టింది. 1000లో మొదటి అక్షరం 1, 800లో మొదటి అక్షరం 8. కాబట్టి 1000 ముందు, 800 వెనక. 1000, 1000, 800, 850, 900, 950 అని పెట్టింది. రెండోది ఇంకా పెద్దది. అది వేరే కాగితం మీద సర్దలేదు. అసలు అర్రేనే సర్దేసింది. ఇప్పుడు సోమవారం గదిలో మంగళవారం అంకె ఉంది. శుక్రవారం గదిలో సోమవారం అంకె ఉంది. మొత్తం వేస్తే మాత్రం 5500 వస్తూనే ఉంది! అందుకే నాకు తెలియలేదు. అన్నీ ఉన్నాయి, కానీ చాలావరకు వాటి చోట్లలో లేవు.

సార్ దీనికి దారి చూపించారు. ముందు మూడు చుక్కల గుర్తుతో అర్రేకు నకలు తీసి, ఆ నకలును సర్దాలి. అప్పుడు అసలుది కదలదు. 2023 నుంచి టుసార్టెడ్ అని వేరే పద్ధతి కూడా వచ్చింది, అది నకలునే ఇస్తుంది. అంకెల వరస కావాలంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి చూడమని సార్ట్‌కు మనమే చెప్పాలి. అన్నీ సరి చేశాక మళ్లీ పోల్చి చూశాను. ఒక్కటే తేడా వచ్చింది. 4వ నంబర్, అంటే శుక్రవారం. అమ్మ వహిలో 800. కార్డులో 700.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అమ్మ పక్కన చాట దగ్గర కూర్చున్నాను. "అమ్మా, తప్పు నీది కాదు. నాది" అన్నాను. కాగితం మీద ఆరు గదులు గీసి, పైన 0 నుంచి 5 దాకా రాసి, నేను ఎట్లా సోమవారాన్ని వదిలేశానో చూపించాను. అమ్మ కోప్పడుతుందనుకున్నాను. అమ్మ ముందు ఒకటే అడిగింది. "అంటే నా లెక్క మంచిగనే ఉన్నదా?"

"ఉంది."

అమ్మ పెద్దగా ఊపిరి తీసుకుంది. తర్వాత నవ్వింది. "నేను ఎట్లేస్తనో చూడు మరి" అని తన లెక్క చెప్పింది. అమ్మ అన్నింటినీ కూడదు. రోజుకు 40 కట్టలు పూర్తి కావాలి. ఏ రోజు ఎన్ని కట్టలు తక్కువైతే అవి మాత్రం గుర్తు పెట్టుకుంటుంది. ఆ వారం సోమవారం 4, బుధవారం 6, శుక్రవారం 8, శనివారం 2. మొత్తం 20 కట్టలు తక్కువ. 20 కట్టలంటే 500. ఆరు రోజులకు 6000లో 500 పోతే 5500. నాలుగు చిన్న అంకెలు గుర్తుంటే చాలు. నేను 4600 అన్నప్పుడు అమ్మకు ఆ లెక్కలో 56 కట్టలు తక్కువ కావాలి. "గన్ని కట్టలు తక్కువైతే నాకు తెల్వదా? కానీ నువ్వు చదువుకున్నదానివి కదా అని ఊకున్న" అంది. ఈ మాట నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

వచ్చే సోమవారం అమ్మ బ్రాంచికి పోయేటప్పుడు నన్ను కూడా తీసుకుపోయింది. అక్కడ రాసే ఆయనను అమ్మ మొత్తం గురించి అడగలేదు. "పోయిన వారం శుక్రవారం నేను 32 కట్టలు ఇచ్చిన. మీరు 28 రాసిండ్రు. 4 కట్టలు ఏమైనయి?" అంది. ఆయన రిజిస్టర్ తిరగేసి, ఆ రోజు 4 కట్టలు బాగా లేవని పక్కకు తీశామన్నాడు. "తీస్తే నాకు చెప్పాలె కదా?" అంది అమ్మ. ఆయన దానికి జవాబు చెప్పలేదు. కూలి ఇచ్చిన రోజే అడగాల్సింది, ఇప్పుడు ఆ వారం లెక్క మూసేశారు అన్నాడు.

కూలి ఇచ్చిన రోజు అమ్మ ఎందుకు అడగలేదో నాకు తెలుసు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

అమ్మ మాత్రం అక్కడితో ఆగలేదు. "సరే, అయిపోయింది అయిపోయింది. ఇకనించి ఎన్ని తీసిండ్రో కార్డు మీద పక్కన రాయిండ్రి" అంది. వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా "మాకు కూడా రాయిండ్రి" అన్నారు. ఆయన కాసేపు చూసి సరే అన్నాడు. ఇప్పుడు రాస్తున్నాడు కూడా. తర్వాత సమాజశాస్త్రం టీచర్‌ను అడిగితే, బీడీ పనివాళ్ల కోసం 1966లో ఒక చట్టం చేశారని, తీసేసిన బీడీల గురించి, వాటి కూలి గురించి తగాదా వస్తే తేల్చే ఏర్పాటు కూడా అందులో ఉండేదని చెప్పారు. అది అమ్మకు చెప్పాను. "గట్లనా" అని విని, ఇంకోసారి చెప్పించుకుంది.

నేను దీంట్లో ఒక సంగతి తెలుసుకున్నాను. అర్రే ఉన్నది మొత్తం వేయడానికే అని ముందు అనుకున్నాను. మొత్తం కావాలంటే అర్రే అక్కర్లేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు కూడుకుంటూ పోతే చాలు. కానీ మొత్తంలో రోజులు కనిపించవు. 5400 దగ్గర 5500 పెడితే ఒకరి మాట మీద ఒకరి మాట అవుతుంది. శుక్రవారం 32 దగ్గర 28 అంటే అవతలివాళ్లు రిజిస్టర్ తెరవాల్సిందే. ఏ రోజుది ఆ రోజు గదిలో ఉంటేనే తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలం.

ఇప్పుడు నా పేజీలో రెండో అర్రే ఉంది. దాని పేరు "తీసినవి". ఇంకొకటి కూడా మార్చాను. నారళీ పౌర్ణమి రోజు మార్కండేయ రథోత్సవానికి అమ్మ పని మానేసింది. నేను ఆ రోజు ఏమీ కొట్టలేదు. మర్నాటి అంకె కొడితే అది పుష్ అయి నేరుగా ముందు గదిలోకి వచ్చింది. ఆ తర్వాతి రోజులన్నీ ఒక గది ముందుకు జరిగాయి. పని లేని రోజుకు కూడా 0 కొట్టాలని అప్పుడు తెలిసింది. చెయ్యని రోజుకు కూడా ఒక గది ఉండాలి. లేకపోతే చేసిన రోజులు తప్పు చోటికి పోతాయి.

ఇంకో లోపం మొన్న బయటపడింది. పేజీ మూసి తెరిస్తే అర్రే ఖాళీ! కొట్టినవన్నీ పోయాయి. బ్రౌజర్‌లో దాచి పెట్టే పద్ధతి ఒకటుందని, అది రాతనే దాచుకుంటుంది కాబట్టి అర్రేను ముందు రాతగా మార్చి పెట్టి, తీసేటప్పుడు మళ్లీ అర్రేగా మార్చుకోవాలని సార్ చెప్పారు. అది నేర్చుకుంటున్నాను. ఈ సంగతి చెప్తే అమ్మ తన వహి చూపించి, "నాది కరెంటు పోయినా ఉంటది బిడ్డా" అంది. నిజమే. ఇప్పుడు ఏ లెక్క అయినా ముందు అమ్మ నోటితో చెప్తుంది. తర్వాత నేను పేజీలో చూస్తాను. రెండూ ఒకటైతే సరే. కాకపోతే ఇద్దరం వహి దగ్గర కూర్చుంటాం. మూడుసార్లలో రెండుసార్లు తప్పు నాదే అవుతోంది.

నిన్న సాయంత్రం పక్కింటి పెద్దమ్మ కూడా తన కార్డు పట్టుకుని వచ్చింది. "నాది కూడా పెట్టు బిడ్డా నీ దాంట్ల" అంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. ఒక్కొక్కరికి ఒక వారం, అలాంటి వారాలన్నీ కలిపి ఇంకో వరస కావాలి. అర్రేలో అర్రేలు. సార్‌ను అడిగితే అది వచ్చే వారం పాఠం అన్నారు. ఈ లోపల నేను నలుగురి పేర్లూ నోట్సులో రాసుకున్నాను. మొదటి పేరు పక్కన 0 అని వేశాను. పెద్దమ్మ అది చూసి, "నాకు సున్న ఎందుకు పెట్టినవ్?" అని అడిగింది. నేను చెప్పేలోపలే అమ్మ లోపలి నుంచి అంది, "అది సున్న కాదక్కా, మొదటిది. దాన్నే మా పిల్ల మరిచిపోయింది."